కాంక్రీటు పోసే ముందు

అక్టోబరు చివర. సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి
సుత్తి పిడి కూడా చేతిని కొరుకుతోంది.
ఇంపి లెహ్తో ఇంటికి ఇంకా నేలే లేదు.
కంకర, దాని మీద నీలం నురగ పలకలు,
పలకల మీద ఇనప వల,
వల మీద మోకాళ్లూనిన ఆర్వో, నేనూ.

ఎర్ర గొట్టం చుట్ట విప్పుకుంటూ వాడు వెనక్కి జరుగుతాడు.
ప్లాస్టిక్ పట్టీలు బిగించుకుంటూ నేను ముందుకి పాకుతాను.
తొమ్మిదంగుళాలకో వరస.
మలుపు దగ్గర తొందరపడితే గొట్టం మెడ విరుగుతుంది.
"విరిగినదాన్ని సరిచేయొచ్చు డెల్ఫీన్, నమ్మలేం," అంటాడు ఆర్వో.
రెండు పెళ్లిళ్లు చెడినవాడు.
దేని గురించి అన్నాడో నేనడగలేదు.

మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని ఇంపి.
డెబ్బై ఒకటి. చేపల పడవ మీద ముప్పై ఏళ్లు.
ఒక జనవరిలో ఎడమ బూటులోకి నీళ్లొచ్చి
మూడు వేళ్లు పోయాయి.
మిగిలిన పాదం ఉన్నా లేనట్టే,
గుండుసూది గుచ్చినా పలకదు.
మరి ఈ వెచ్చటి నేల ఎందుకు అని అడగబోయి మింగేశాను.
"కుడిది ఉందిగా," అంది నా మొహం చూసి,
"అది చెబుతుందిలే ఎడమదానికి."
తర్వాత చేతికర్రతో చూపించింది:
"అక్కడ గొట్టాలొద్దు. అది మంచం చోటు.
మంచానికి చలెయ్యదు."

గాలి నింపాం. మీటరు మీద అరవై.
సాయంత్రానికి యాభై ఎనిమిది.
సబ్బు నీళ్లు పూశాం ప్రతి అతుకుకీ. ఒక్క బుడగా లేదు.
పదమూడు వందల అడుగుల గొట్టం,
పొద్దున్న పదకొండింటికి కాంక్రీటు లారీ.
అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో
ఇంకా వెలగని ఆ నేల మీదే తెలిసింది.
ఆర్వో వాళ్ల తాత భాషలో తిట్టాడు.
తిట్టడానికి మాత్రమే వాడికి మిగిలిన భాష అది.
ఇంపి వాణ్ణి ఉచ్చారణ సరిచేసి,
"చలికి గాలి కూడా ముడుచుకుంటుంది, నాలాగే.
ఎండ రానీ," అని లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ట్రక్కులో పడుకున్నాను.
నాలుగుసార్లు దిగి టార్చి వేసి చూశాను.
యాభై ఏడున్నర.
మళ్లీ యాభై ఏడున్నర.
తొమ్మిదిన్నరకి పైన్ చెట్ల సందులోంచి
ఒక ఎండ పట్టీ ఎర్ర గొట్టం మీదికి జారింది.
ముల్లు, పాలు తాగొచ్చిన పిల్లిలా,
ఏమీ ఎరగనట్టు అరవైకి తిరిగొచ్చి కూర్చుంది.

లారీ వచ్చేలోగా నలభై ఫొటోలు తీశాను,
ప్రతి దాంట్లో కొలతల టేపు పరిచి.
ఒక కన్ను మీటరు మీదే ఉంచి పోయించాం.
రెండు గంటల్లో ఆ ఎరుపంతా బూడిదరంగు కిందికి వెళ్లింది.

గోడలు తర్వాతి వారం.
నేల మీదే పడుకోబెట్టి మేకులు కొట్టాం,
పదహారంగుళాలకో స్ప్రూస్ చెక్క.
అడుగు చెక్కని బోల్టుతో నేలకి బిగించాలి, అదీ భయం.
డ్రిల్లు బిట్టుకి పసుపు టేపు చుట్టాం:
ఇక్కడిదాకా, అంతే.
ఒక చేత్తో ఫోన్లో ఫొటో, ఇంకో చేత్తో పెన్సిలు.
కిందున్నది కనబడనప్పుడే
చెయ్యి ఇంత మర్యాదగా కదులుతుంది కాబోలు.

పక్కింటి అన్నదమ్ములు కూడా వచ్చి
నలుగురం కలిసి గోడ లేపాం.
గోడలకి చెవులుంటాయంటారు.
దీనికి ఇంకా పక్కటెముకలే.
ఆర్వో చెయ్యి నా చేతి పక్కనే ఆనినప్పుడు
నేననుకున్న మాట వాటి సందులోంచి దూరి
నేరుగా సరస్సులోకి పోయింది.

డిసెంబరులో బాయిలరు వెలిగించాం.
కాంక్రీటు ఎవరి మాటా వినదు,
రెండ్రోజులు తీసుకుంది.
మూడోనాటి ఉదయం కుక్క, పేరు ముయిక్కు,
గది నడుమ వంకరగా పడుకునుంది.
ఫోను తీసి చూశాను:
వీపు మూడో వరస పొడుగునా,
తోక సరిగ్గా మలుపు దగ్గర.

ఇంపి మేజోళ్లు విప్పి నిలబడింది.
చాలాసేపు.
"ఏమంటోంది?" అన్నాడు ఆర్వో.
"కుడిది ఒకటే వాగుడు," అంది.
కాసేపాగి, "కాఫీ పెడతానుండండి," అంది.
కదల్లేదు.